పరపతి, పూచీ, పొలం: పెంటపాడు ప్రాంత వ్యవసాయ సహకార సంఘాల చరిత్రలో కౌలు రైతు

ఉపోద్ఘాతం

'పరపతి' అనే మాటకు నేటి తెలుగులో రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి అప్పు, అప్పు పుట్టే శక్తి. రెండవది పలుకుబడి. 'ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం' అన్నప్పుడు మొదటి అర్థం, 'ఆయనకు ఊళ్లో పరపతి ఉంది' అన్నప్పుడు రెండవ అర్థం స్ఫురిస్తాయి. గ్రామ జీవితంలో ఈ రెండూ వేర్వేరు విషయాలు కావు. పలుకుబడి ఉన్నవానికే అప్పు పుడుతుంది. అప్పు పుట్టడమే పలుకుబడికి నిదర్శనం. మాట మీద, మనిషి మీద ఉండే నమ్మకాన్ని రుణానికి ఆధారం చేయాలన్నది సహకారోద్యమపు తొలి ఆశయం. ఆ ఆశయం ఏయే దశలలో పొలం దస్తావేజుగా మారింది, ఆ మార్పులో పొలం దున్నే మనిషి ఎక్కడ నిలిచాడు అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

పరిశీలనకు ఎంచుకున్న ప్రాంతం పెంటపాడు, దాని పరిసర డెల్టా గ్రామాలు. తాడేపల్లిగూడెం పట్టణం మెట్టకూ డెల్టాకూ సరిహద్దుగా ఉంటుంది. దానికి ఆనుకొని డెల్టా వైపున పెంటపాడు మండలం ఉంది. అలంపురం, ప్రత్తిపాడు, ముదునూరు, జట్లపాలెం, రావిపాడు, దర్శిపర్రు మొదలైన గ్రామాలు ఈ మండలంలోనివి. సార్వా, దాళ్వా అనే రెండు వరి పంటలు ఇక్కడి ఆర్థిక జీవితానికి ఆధారం. 1925లో కృష్ణా జిల్లా నుండి విడివడి ఏలూరు కేంద్రంగా ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాలో ఈ ప్రాంతం భాగమైంది. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలో కొనసాగుతున్నది. దేశంలోని సహకార పరపతి విధానాలలో ముఖ్యమైన ప్రయోగాలు కొన్ని ఈ జిల్లాలోనే జరిగాయి. అందువల్ల ఈ గ్రామాల అనుభవాన్ని స్థానిక చరిత్రగా మాత్రమే చూడడానికి వీలులేదు.

నీరు, నగదు, అప్పు

సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. పశ్చిమ డెల్టాకు నీరందించే కాలువలలో ఏలూరు కాలువ ముఖ్యమైనది. అది పొలాలకు నీరివ్వడంతోపాటు ఏలూరు వద్ద కృష్ణా కాలువల వ్యవస్థతో కలిసి పడవ రవాణాకూ దారి చూపింది. ఆ శతాబ్దాంతానికి రైలు మార్గం ఏర్పడి, 1900 నాటికి గోదావరిపై హేవలాక్ వంతెన కూడా వచ్చింది. ఆ విధంగా డెల్టా ధాన్యం దూరపు మార్కెట్లకు చేరే సరుకైంది.

నీరు రావడంతో పంట నిలకడపడింది. దానితోపాటు ఖర్చు కూడా పెరిగింది. నీటి తీరువా, భూమి శిస్తు నగదుగా చెల్లించాలి. ఆకుమడి, దమ్ము, ఊడ్పులు ఒకేసారి ముంచుకువస్తాయి. ఆ కొద్ది వారాలలో కూలీలకు, ఎడ్లకు, విత్తనానికి డబ్బు కావాలి. పంట చేతికి వచ్చేది కోతలు, నూర్పిళ్లు అయిన తరువాతనే. పెట్టుబడికీ రాబడికీ మధ్య ఉన్న ఈ నాలుగైదు నెలల ఎడమే గ్రామీణ రుణానికి మూలం. వర్షాధార ప్రాంతంలో అప్పు కరువు వల్ల పుడితే, డెల్టాలో అది పంట వల్లనే పుట్టింది.

ఆ ఎడాన్ని పూడ్చినవారు ఊరి పెద్ద రైతు, ధాన్యం వర్తకుడు, వడ్డీ వ్యాపారి. పెద్ద రైతే వడ్డీ వ్యాపారి కావడం డెల్టాలో సర్వసాధారణం. అప్పు రెండు రూపాలలో నడిచేది. ధాన్యాన్ని నాగుకు తెచ్చుకొని కళ్లంలో అదనపు కొలతతో తిరిగి ఇవ్వడం ఒకటి. ప్రోనోటు మీద గాని, భూమి తనఖా మీద గాని నగదు తేవడం మరొకటి. మొదటిది కూలీలకు, చిన్న రైతులకు. రెండవది భూమి ఉన్నవారికి. అప్పు రూపంలోనే సామాజిక స్థాయి తెలిసిపోయేది. వేతనం విషయంలోనూ ఈ ధాన్యం, నగదు భేదం కీలకమైనది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) నవలలో కూలి ధాన్యంగా ఇవ్వాలా, నగదుగా ఇవ్వాలా అన్నది సంఘర్షణకు కారణాలలో ఒకటి కావడం ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

పూచీ మీద పరపతి

ప్రభుత్వం 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టాన్ని, 1884లో వ్యవసాయదారుల రుణాల చట్టాన్ని తెచ్చి 'తక్కావి' రుణాలు ఇవ్వసాగింది. అవి అవసరానికి చాలలేదు. మదరాసు ప్రభుత్వం ఈ సమస్యను పరిశీలించే పనిని ఫ్రెడరిక్ నికల్సన్‌కు అప్పగించింది. ఆయన నివేదిక 1895, 1897 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడింది. జర్మనీలో రైఫైజెన్ నెలకొల్పిన గ్రామ పరపతి సంఘాలే భారతీయ గ్రామానికి తగిన నమూనా అని ఆయన నిర్ధారించాడు. ఊరి వారంతా ఒకరినొకరు ఎరుగుదురు. ఎవరు అప్పు తీర్చేవారో, ఎవరు ఎగవేసేవారో ఊరికి తెలుసు. ఈ ఎరుకనే హామీగా స్వీకరించాలన్నది ఆ నమూనా సారాంశం.

1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం ఈ సూత్రాన్నే స్వీకరించింది. పదిమంది కలిస్తే సంఘం ఏర్పాటు చేసుకోవచ్చు. గ్రామ సంఘాలలో బాధ్యత అపరిమితం. అనగా ఒక సభ్యుడు ఎగవేసిన బాకీకి తక్కిన సభ్యులందరూ తమ ఆస్తులతో సహా పూచీ పడతారు. దక్షిణాదిలో తొలి గ్రామ సంఘం అదే సంవత్సరం చెంగల్పట్టు జిల్లా తిరూరులో ఏర్పడింది. 1912 చట్టం కేంద్ర బ్యాంకులకు, పరపతికి చెందని ఇతర సంఘాలకు కూడా చట్టబద్ధత కల్పించింది. 1919 సంస్కరణలతో సహకార శాఖ రాష్ట్రాల పరిధిలోకి వచ్చింది. ఆపై మదరాసు రాష్ట్రం 1932లో సొంత సహకార చట్టం చేసుకొన్నది.

ఈ దశలోని ఒక భాషా విశేషాన్ని ఇక్కడ ప్రస్తావించాలి. 'కోఆపరేషన్' అనే ఒకే ఆంగ్ల పదానికి తెలుగు రెండు దారులలో సమానార్థకాలు కల్పించుకొన్నది. రాజకీయ రంగంలో గాంధీజీ ఉద్యమం 'సహాయ నిరాకరణం' అయింది. ఆర్థిక రంగంలో అదే పదం 'సహకారం' అయింది. ప్రభుత్వానికి సహాయం నిరాకరించాలన్న పిలుపు, ప్రభుత్వ రిజిస్ట్రారు పర్యవేక్షణలో సహకరించుకోవాలన్న పిలుపు ఒకే తరం విన్నది. సంఘం తమది అన్న భావన కంటే సంఘం సర్కారుది అన్న భావన గ్రామంలో బలపడడానికి ఈ పుట్టుకే తొలి కారణం.

అపరిమిత బాధ్యత సూత్రం వినడానికి సమానత్వ సూత్రంలా కనిపిస్తుంది. ఆచరణలో దానికి ఒక పరిమితి ఉంది. అందరి అప్పుకూ అందరూ పూచీ కావాలంటే, ఆస్తి ఉన్నవాడు ఆస్తి లేనివాని అప్పును మోయవలసి వస్తుంది. కనుక ఆస్తి లేనివానిని సభ్యునిగా చేర్చుకోవడానికి తక్కినవారు జంకుతారు. మదరాసు రాష్ట్ర సంఘాలు సభ్యుల ఆస్తి వివరాల పట్టికను నిర్వహించేవి. సభ్యునికి ఎంత అప్పు ఇవ్వవచ్చునో ఆ పట్టికను బట్టి నిర్ణయించేవారు. మాట మీద పరపతి అన్న సిద్ధాంతం పక్కనే ఆస్తి మీద పరపతి అన్న ఆచరణ మొదటినుండీ ఉన్నదన్న మాట. తరువాతి కాలంలో జరిగినది సిద్ధాంతం తొలగిపోయి ఆచరణే సిద్ధాంతం కావడం.

మాంద్యం, సర్వే

1929 తరువాత ఆర్థిక మాంద్యం వరి డెల్టాను తీవ్రంగా దెబ్బతీసింది. ధాన్యం ధర పడిపోయింది. శిస్తు, వడ్డీ, అసలు మాత్రం పాత రూపాయల లెక్కలోనే ఉన్నాయి. బస్తాలలో లెక్కిస్తే రైతు అప్పు తనంతట తానే పెరిగింది. సంఘాల బాకీలు గడువు దాటాయి. అపరిమిత బాధ్యత అప్పుడు సభ్యులకు భయకారణమైంది. పొరుగువాని బాకీకి తన పొలం పోతుందేమోనన్న శంక పుట్టింది. 1935లో సత్యనాథన్ వ్యవసాయ రుణభారంపై నివేదిక సమర్పించాడు. 1938లో రాజాజీ ప్రభుత్వం మదరాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం చేసింది. ఈ లోగా 1929లో మదరాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడింది. 1934లో భూమి తనఖా బ్యాంకుల చట్టం వచ్చింది. దీర్ఘకాలిక రుణానికి భూమి తనఖా ఆధారమని ఆ బ్యాంకుల పేరే చెబుతున్నది. పూచీ మీది నమ్మకం సడలిన దశాబ్దంలోనే పొలం మీది నమ్మకానికి చట్టబద్ధత లభించడం గమనించదగినది.

స్వాతంత్ర్యానంతరం రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే (1951–52) అర్ధ శతాబ్దపు సహకారోద్యమ ఫలితాన్ని అంకెలలో చూపింది. సర్వే జరిగిన జిల్లాలలో పశ్చిమ గోదావరి ఒకటి. దేశవ్యాప్తంగా సేద్యగాండ్ల అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం, ప్రభుత్వం వాటా 3.3 శాతం, వాణిజ్య బ్యాంకుల వాటా 0.9 శాతం. వృత్తి వడ్డీ వ్యాపారులది 44.8 శాతం, వ్యవసాయం చేస్తూ వడ్డీకి ఇచ్చేవారిది 24.9 శాతం. వడ్డీకిచ్చే ఈ రెండు వర్గాలు కలిసి రమారమి 70 శాతం అప్పును అందిస్తున్నాయి. 1954లో గోర్వాలా అధ్యక్షతన వెలువడిన నివేదిక సహకారం విఫలమైనదని అంగీకరిస్తూనే, అది సఫలం కాక తప్పదన్న నిర్ణయానికి వచ్చింది. సంఘాలలో ప్రభుత్వం వాటాదారు కావాలని, పరపతిని మార్కెటింగుతో ముడిపెట్టాలని, గిడ్డంగులు నిర్మించాలని, పొలం విలువను బట్టి కాక పండించే పంటను బట్టి అప్పు ఇవ్వాలని సూచించింది.

చివరి సూచన ఈ వ్యాసానికి కీలకం. పంటే హామీ అయితే, పంట ఎవరు పండిస్తారో వారికే అప్పు దక్కాలి. భూమి ఎవరి పేర ఉన్నదన్న ప్రశ్న వెనక్కు పోవాలి. ఆ సూచనను పెద్దఎత్తున పరీక్షించే అవకాశం ఆరేళ్లలో పశ్చిమ గోదావరికే వచ్చింది.

ప్యాకేజీ జిల్లా

1959లో ఫోర్డ్ ఫౌండేషన్ బృందం భారతదేశ ఆహార సంక్షోభంపై నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1960–61లో ప్రారంభమైన సాంద్ర వ్యవసాయ జిల్లాల కార్యక్రమానికి మొదట ఎంపికైన ఏడు జిల్లాలు తంజావూరు, పశ్చిమ గోదావరి, షాబాద్, రాయపూర్, అలీగఢ్, లూథియానా, పాలీ. జనవ్యవహారంలో ఇది 'ప్యాకేజీ ప్రోగ్రాం'. మేలైన విత్తనం, ఎరువు, పురుగుమందు, సాగు సలహా, పరపతి విడివిడిగా కాక ఒకే మూటగా రైతుకు అందాలన్నది ఆ పేరులోని భావం. రైతు కుటుంబానికి సాగు ప్రణాళిక తయారు చేసి, దానికి తగిన ఎరువును, నగదును గ్రామ సహకార సంఘం ద్వారా అందించే ఏర్పాటు జరిగింది. ఊరి సొసైటీ అప్పులిచ్చే గదిగా మాత్రమే మిగలక, ఎరువుల గోదాముగా కూడా మారింది.

ఈ మార్పు వల్ల డెల్టా వ్యవసాయానికి కలిగిన మేలు కాదనరానిది. 1925 నుండి పనిచేస్తున్న మార్టేరు వ్యవసాయ పరిశోధన కేంద్రం విత్తనాల విషయంలో ఈ ప్రాంతానికి వెన్నుదన్నుగా ఉంది. 1960ల మధ్యలో ఐఆర్-8 వంగడం వచ్చినప్పుడు దానిని విస్తారంగా సాగుచేసి పేరు పొందిన నెక్కంటి సుబ్బారావు ఈ జిల్లాలోని ఆచంటకు చెందినవాడు. కొత్త వంగడానికి ఎరువు ప్రాణం. ఎరువుకు నగదు ప్రాణం. వడ్డీ వ్యాపారి ఇచ్చే రేటుకు అప్పు తెచ్చి ఎరువు వేయడం గిట్టుబాటు కాని చోట సొసైటీ రుణం దానిని సాధ్యం చేసింది. సొంత పొలం ఉన్న మధ్యతరగతి రైతు వడ్డీ వ్యాపారి పట్టు నుండి చాలావరకు బయటపడ్డాడు. డెల్టాలో సహకార సంఘాలు సాధించిన అసలైన చారిత్రక విజయం ఇదే.

ఈ విజయం ఎవరి దగ్గర ఆగిపోయిందో ఆనాటి అధ్యయనాలే చెబుతున్నాయి. భూసంస్కరణల నిపుణుడు వుల్ఫ్ లాడెజిన్‌స్కీ కొన్ని ప్యాకేజీ జిల్లాలలో కౌలు పరిస్థితులను పరిశీలించాడు. పశ్చిమ గోదావరి వాటిలో ఒకటి. 1965లో ప్రణాళికా సంఘం ఆ అధ్యయనాన్ని ప్రచురించింది. కౌలు ఒప్పందాలు నోటిమాటతో సాగుతున్నాయి. కౌలుదారు పేరు కాగితం మీద లేదు. కాగితం లేనందున అతడు సహకార రుణానికి దూరమయ్యాడు. పంట మీద అప్పు అన్న సూత్రం అమలులో పొలం మీద అప్పుగా మారిందని దీని తాత్పర్యం. ఫ్రాన్సీన్ ఫ్రాంకెల్ 1971లో ప్రచురించిన హరిత విప్లవ అధ్యయనంలో పరిశీలించిన ఐదు జిల్లాలలోనూ పశ్చిమ గోదావరి ఉంది. కొత్త సాంకేతికత ఫలాలు అసమానంగా పంపిణీ అయ్యాయని, పెద్ద కమతాల వారితో పోలిస్తే కౌలుదారులు, కూలీలు వెనుకబడ్డారని ఆమె గుర్తించింది.

కౌలు కాగితం మీదికి రాకపోవడానికి కారణం కౌలుదారు అజ్ఞానం కాదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలుకు కనీసం ఆరేళ్ల గడువును, కౌలు మొత్తానికి గరిష్ఠ పరిమితిని విధించింది. కౌలుదారుకు రక్షణగా చేసిన చట్టమే భూయజమానికి భయకారణమైంది. కాగితం రాస్తే హక్కు పుడుతుంది గనుక కాగితమే రాయకుండా పోయారు. గ్రామ లెక్కలలోని అడంగల్‌లో అనుభవదారుని కోసం ఒక గడి ఉంది. ఆ గడిలో కౌలుదారు పేరు ఎక్కితే భూమి చేజారుతుందన్న భయం యజమానిది. ఎక్కించమని అడిగితే మరుసటి ఏడు పొలం దక్కదన్న భయం కౌలుదారుది. ఈ రెండు భయాల మధ్య గడి ఖాళీగా గాని, యజమాని పేరుతో గాని మిగిలిపోయింది. 1971లో పట్టాదారు పాసు పుస్తకాల చట్టం వచ్చిన తరువాత రుణానికి, పాసు పుస్తకానికి ముడి బిగిసింది.

ఇదే కాలంలో సహకారం మరొక దిశలో విస్తరించబోయి ఆగిపోయింది. 1959లో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని లక్ష్యంగా ప్రకటించింది. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు ఎన్.జి. రంగా దానిని తీవ్రంగా వ్యతిరేకించి, అదే సంవత్సరం ఏర్పడిన స్వతంత్ర పార్టీకి నాయకత్వం వహించాడు. డెల్టా భూస్వామ్య రైతాంగపు వైఖరి ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. డబ్బును ఉమ్మడి చేయడానికి వారు సిద్ధపడ్డారు. భూమిని ఉమ్మడి చేయడానికి సిద్ధపడలేదు. సంఘం భూమిని తాకనంతవరకే వారికి ఆమోదయోగ్యం.

ఒకే గవాక్షం, సన్నగిల్లిన సభ్యత్వం

1963లో ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్ర సహకార బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సహకార బ్యాంకు ఏర్పడింది. 1964లో సమగ్ర సహకార చట్టం వచ్చింది. 1987లో స్వల్పకాలిక, దీర్ఘకాలిక రుణ వ్యవస్థలను కలిపి 'సింగిల్ విండో' విధానాన్ని ప్రవేశపెట్టారు. పంట రుణానికి ఒకచోటికి, బోరుకో ట్రాక్టరుకో మరొక చోటికి తిరిగే బాధ తప్పింది. గ్రామ సొసైటీ, ఏలూరులోని జిల్లా కేంద్ర సహకార బ్యాంకు, రాష్ట్ర సహకార బ్యాంకు అనే మూడంచెల నిర్మాణం స్థిరపడింది. ఎరువుల అమ్మకం, బంగారు నగల మీద రుణాలు, కనీస మద్దతు ధరకు ధాన్యం కొనుగోలు వంటివి సొసైటీల పనులలో చేరాయి.

పని పెరిగినకొద్దీ సభ్యుని పాత్ర తగ్గింది. సంఘపు నిధి సభ్యుల పొదుపు నుండి కాక పైనుండి వచ్చే రుణం నుండి ఏర్పడింది. పైనుండి వచ్చిన డబ్బును కాపాడుకోవలసిన బాధ్యత సభ్యునికి తనదిగా తోచలేదు. 1990లో పదివేల రూపాయల వరకు, ఆ తరువాత 2008లో, 2014లో ప్రకటించిన రుణ మాఫీలు కష్టంలో ఉన్న రైతుకు ఊరట నిచ్చాయి. అయితే అప్పు తీర్చడం పొరుగువారి పట్ల బాధ్యత అన్న తొలి భావనను అవి మరింత పలచబరచాయి. సొసైటీ అధ్యక్ష పదవి ఊరి రాజకీయ బలానికి కొలమానమైంది. పరపతి అనే మాటలోని రెండవ అర్థం మొదటి అర్థాన్ని కమ్మివేసింది. ప్రభుత్వ జోక్యం లేని సంఘాల కోసం 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. 2005లో వైద్యనాథన్ కార్యబృందం సంఘాల స్వయంప్రతిపత్తిని పునరుద్ధరించాలని కోరింది. 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణ సంఘం ఏర్పరచుకోవడాన్ని ప్రాథమిక హక్కు చేసింది. ఇన్ని జరిగినా రాష్ట్రంలో 2013లో ఎన్నికైన సొసైటీ పాలకవర్గాల గడువు 2018లో ముగిసిన తరువాత నామినేటెడ్ కమిటీలే పాలన సాగించాయి.

కొల్లేరు చెప్పే సాక్ష్యం

భూమి లేనివారికే సంఘం పెట్టి, వనరును వారి చేతికే ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం ఇదే ప్రాంతంలో, ఏలూరుకు దక్షిణాన ఉన్న కొల్లేటిలో లభిస్తుంది. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేరు గర్భంలోని భూమిని మత్స్యకారుల, షెడ్యూల్డు కులాల సహకార సంఘాలకు చేపల చెరువుల నిమిత్తం కేటాయించింది. ఇక్కడ పొలం దస్తావేజు అడ్డు లేదు, సంఘమే హక్కుదారు. అయినా చెరువు గట్లకు, చేపపిల్లకు, మేతకు కావలసిన పెట్టుబడి సంఘాల దగ్గర లేదు. కాలక్రమంలో పెట్టుబడి గలవారు లీజుల రూపంలో, బినామీ పేర్లతో చెరువులను హస్తగతం చేసుకొన్నారు. సంఘ సభ్యులు చాలాచోట్ల తమ చెరువు మీదనే కూలీలయ్యారు. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరుకు రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2006లో చెరువు గట్లను కూల్చివేసినప్పుడు పెట్టుబడిదారులతో పాటు సంఘాల సభ్యులూ జీవనాధారం కోల్పోయారు.

పెంటపాడు కౌలుదారు, కొల్లేటి మత్స్యకారుడు ఒకే సమస్యకు రెండు ముఖాలు. మొదటివానికి శ్రమ, నైపుణ్యం ఉన్నాయి. హక్కు పత్రం లేదు. రెండవవానికి హక్కు పత్రం ఉంది, పెట్టుబడి లేదు. ఇద్దరి విషయంలోనూ సహకార సంఘం పేరుకు ఉంది. పత్రం లేని శ్రమకు పరపతి రాకపోవడం, పరపతి లేని పత్రం పరుల పాలు కావడం అనే రెండు పరిణామాలను కలిపి చూస్తేనే సహకార విధానంలోని లోపం పూర్తిగా తెలుస్తుంది.

కార్డు, సంతకం, ఉమ్మడి పూచీ

ఇటీవలి దశాబ్దాలలో డెల్టా సేద్యంలో కౌలుదారు ప్రాధాన్యం పెరిగింది. భూయజమానుల కుటుంబాలు చదువులకు, ఉద్యోగాలకు, వ్యాపారాలకు పట్టణాలకు తరలిపోయాయి. పొలం పేరు ఒకరిది, సేద్యం మరొకరిది కావడం సాధారణమైంది. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే నిర్ణయమవుతుంది. పంట పోయినా కౌలు పోదు. మూడు లక్షల వరకు పంట రుణం ఏడు శాతం వడ్డీకి, సకాలంలో చెల్లిస్తే కేంద్ర రాయితీతో నాలుగు శాతానికే లభిస్తుంది. అది పాసు పుస్తకం ఉన్నవానికి దక్కుతుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన కౌలుదారుకు అదే అప్పు ఏడాదికి 24 శాతం పడుతుంది. అతనికి అప్పిచ్చేది ఎరువుల దుకాణదారు, ధాన్యం కమీషన్ వ్యాపారి, మిల్లరు. అప్పిచ్చినవానికే పంట తోలాలి గనుక ధర అడిగే శక్తి కూడా పోతుంది. 1951–52 సర్వేలో కనిపించిన వడ్డీ వ్యాపారి మాయమైపోలేదు. పట్టాదారు ఇంటి నుండి కౌలుదారు ఇంటికి మారాడు.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంవత్సరంలోనే ఆంధ్రప్రదేశ్ భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. భూమి హక్కుతో సంబంధం లేకుండా ఒక ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వడం దాని విశేషం. 2019లో దాని స్థానంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి భూయజమాని సంతకం కోరింది. సంతకం పెట్టడానికి యజమాని వెనుకాడడంలో పాత అడంగల్ భయమే కొనసాగుతున్నది. అంతేగాక, అదే పొలం మీద యజమాని ముందే పంట రుణం తీసుకొని ఉంటే, కౌలుదారు చేతిలో కార్డు ఉన్నా సొసైటీ గవాక్షం తెరుచుకోదు. ఒక పొలానికి ఒక పంట రుణమే కనుక.

ఈ చిక్కుకు జాతీయ వ్యవసాయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు ప్రోత్సహించిన పరిష్కారం ఉమ్మడి బాధ్యతా బృందాలు. నలుగురి నుండి పదిమంది వరకు కౌలుదారులు బృందంగా ఏర్పడి ఒకరి అప్పుకు ఒకరు పూచీ పడతారు. భూమి తనఖా అవసరం లేదు. ఇది కొత్త ఆవిష్కరణగా ప్రచారం పొందినా, 1904 చట్టం స్వీకరించిన రైఫైజెన్ సూత్రమే మరల ముందుకు వచ్చిందని చరిత్ర దృష్టితో చూస్తే తెలుస్తుంది. ఒక భేదం మాత్రం ఉంది. నాడు ఊరంతా ఒకే సంఘమై, ఆస్తి ఉన్నవారూ లేనివారూ కలిసి పూచీ పడాలన్నది ఆదర్శం. నేడు ఆస్తి లేనివారు తమలో తామే పూచీ పడాలి. ఆస్తిపరుల సంఘం ఆస్తి మీద, పేదల బృందం పరస్పర నమ్మకం మీద నడవాలన్న విభజన ఇందులో స్థిరపడింది.

ముగింపు

పెంటపాడు ప్రాంతపు అనుభవం ఆధారంగా మూడు నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, డెల్టా వ్యవసాయంలో సహకార సంఘాలు విఫలమయ్యాయన్న మాట సరికాదు. సొంత భూమి గల రైతుకు చౌక పరపతిని, ఎరువును, కొనుగోలు కేంద్రాన్ని అవి ఊళ్లోనే అందించాయి. హరిత విప్లవానికి ఆర్థిక పునాది వేశాయి. రెండవది, ఆ విజయానికి ఆధారమైన భూమి హామీయే దాని హద్దు కూడా అయింది. వ్యక్తి పూచీ నుండి పంటకు, పంట నుండి పొలానికి పరపతి ఆధారం జారిపోవడం ఎవరో ఒకరు చేసిన నిర్ణయం కాదు. మాంద్యం కలిగించిన భయం, కౌలు చట్టం రేపిన అనుమానం, పాసు పుస్తకం ఇచ్చిన సౌలభ్యం, రుణ వసూలు ఒత్తిడి కలిసి దానిని తెచ్చాయి. మూడవది, హక్కు పత్రం, పెట్టుబడి, సభ్యుల అదుపు ఈ మూడూ ఒకచోట చేరనిదే సహకారం పేరుకే మిగులుతుందని కొల్లేరు నిరూపించింది.

సార్వా నాట్లు వేసే నాటికి సొసైటీ గోదాములో ఎరువు ఉంటుంది. గట్టు మీద దానికోసం ఎదురుచూసే సేద్యగాడు ఉంటాడు. వారిద్దరి మధ్య ఉన్నది అడంగల్‌లోని ఒక గడి. ఆ గడిలో సాగు చేసేవాని పేరు భయం లేకుండా రాయగలిగిన నాడు, సంఘం బోర్డు మీది 'పరపతి' అనే మాటకు 1904లో ఉద్దేశించిన అర్థం చేకూరుతుంది.